సైకిలు రౌతు దుస్తుల కథ

ఆదివారము తెల్లవారుజామున హైదరాబాదు వెలుపలి వలయ రహదారి ప్రక్కకు పోయి నిలుచున్నవారికి ఒక వింత దృశ్యము కన్పించును. అచ్చట 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకముల పైకప్పుతో, సైకిళ్ళకే ప్రత్యేకించిన బాట ఒకటి 2023 అక్టోబరు 1వ తేదీన ప్రారంభమైనది. ఆ బాటమీద సాగిపోవు యువతీయువకుల వేషము చూడవలెను. ఒంటికి అతుక్కొన్న నల్లని నిక్కరు, వీపువైపు మూడు జేబులు కుట్టిన రంగురంగుల చొక్కా, నేలమీద నడచునప్పుడు గుఱ్ఱపు డెక్కలవలె టకటకలాడు జోళ్ళు, నెత్తిన చిల్లులు చిల్లులుగా నున్న గట్టి టోపీ. పాలు తెచ్చుకొనుటకు బయలుదేరిన పెద్దలు వారిని చూచి నవ్వుకొందురు. మేమును నవ్వినవారమే. మన తండ్రులు పంచెకట్టుతో ముప్పది మైళ్ళు తొక్కలేదా, తపాలా బంట్రోతులు ఖాకీ నిక్కరుతో జీవితమంతయు తొక్కలేదా, ఈ ఆర్భాటమంతయు ఎందులకు అని అడిగినవారమే.

అయితే మన తండ్రుల కాలమునందును సైకిలుకు వేరు దుస్తులు లేకపోలేదు. పంట్లాము తొడిగినవారు చీలమండ దగ్గర అర్ధచంద్రాకారపు ఉక్కు క్లిప్పు ఒకటి పెట్టుకొనెడివారు. పంచె కట్టినవారు కుడివైపు చెంగు ఎగదోపుకొనెడివారు. దోపుకొనుట మరచినచో ఏమగునో మేము కన్నులార చూచినాము. మా మేనమామ గారొకరు జరీపంచెతో పెండ్లికి బయలుదేరినారు. మేము వెనుక క్యారియరు మీద కూర్చున్నాము. చెరువుకట్ట నడిమికి వచ్చుసరికి చెంగు చెయినులో పడినది. ఆయన అరగంటసేపు నేలమీద కూర్చుండి పెడలును వెనుకకు త్రిప్పుచు, ఒక్కొక్క పన్నునుండి పంచెను విడిపించుకొన్నారు. ఆ నల్లని నూనె మరక ఎన్ని ఉతుకులకును పోలేదు. క్లిప్పు ఖరీదు ఆ దినములలో అర్ధరూపాయి కూడ ఉండదు.

సైకిలు దుస్తుల చరిత్రను తిరుగవేసి చూచిన పిమ్మట మాకు తోచినది ఇదియే. ఈ వేషములో అలంకారము కొరకు పుట్టినది చాల తక్కువ. ప్రతి వస్తువు వెనుకను ఎవరో ఒకరు పడిన కష్టమున్నది. ఒకరికి చర్మము ఒరిసినది, ఒకరు మంచులో గడ్డకట్టినారు, ఒకరిని భోజనశాల నుండి వెడలగొట్టినారు, ఒకరు ప్రాణమే కోల్పోయినారు. దుకాణములో నిలిచి ఏది కొనవలెనో తోచనప్పుడు, ఈ వస్తువు ఏ కష్టమునకు విరుగుడుగా వచ్చినది, ఆ కష్టము మనకున్నదా అని అడిగికొన్నచో చాలవరకు దారి దొరకును.

జర్మనీలోని మన్‌హైమ్ నగరమున కార్ల్ డ్రైస్ 1817లో రెండు చక్రముల బండిని తొలుత నడిపినప్పుడు దానికి పెడళ్ళు లేవు. నేలను కాళ్ళతో తన్నుచు పోవలసినదే. దాని మూలమున అరిగినవి జోళ్ళు మాత్రమే. 1870లలో ముందుచక్రము మనిషి ఎత్తున్న పెద్ద సైకిలు వచ్చిన తరువాతనే దుస్తుల ప్రశ్న నిజముగా లేచినది. ఇంగ్లండులో సైకిలు యాత్రికులు 1878లో ఒక సంఘము స్థాపించుకొన్నారు. 1883 నుండి దానికి సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్బు అని పేరు. ఆ సంఘమువారు సభ్యులకు యూనిఫారము నిర్ణయించినారు. ముదురాకుపచ్చని సెర్జి కోటు, మోకాలి క్రింద బిగించు నిక్కరు, చిన్న అంచుగల టోపీ. కొలదికాలములోనే ఆకుపచ్చరంగు దుమ్మును దాచలేదని తెలిసి బూడిదరంగునకు మారినారు. దుమ్ము రంగు దుస్తులే దుమ్ము రోడ్డుకు తగునని తెలిసికొనుటకు కూడ ఒక ఆకుపచ్చ కోటు పాడు కావలసి వచ్చినది.

ఆ యూనిఫారము ఉన్నితో కుట్టినది. ఉన్ని ఏల? ఆ కాలమున జర్మనీలో గుస్టావ్ యేగర్ అను శాస్త్రజ్ఞుడు ఒంటికి తగులు బట్టలన్నియు జంతువుల వెండ్రుకలతో నేసినవే కావలెను, నూలు ఆరోగ్యమునకు చెరుపు అని ప్రచారము చేసినాడు. ఆయన పేరిట 1884లో లండనులో ఒక దుకాణము వెలసినది. ఆయన సిద్ధాంతములో చాలభాగము నేడు నిలువదు. అయినను సైకిలు విషయమున ఆయన తప్పుడు వాదమునుండి సరియైన ఫలితమునకు వచ్చినాడు. ఉన్ని తన బరువులో దాదాపు మూడవవంతు నీటిని పీల్చుకొన్నను ఒంటికి చెమ్మ తెలియనీయదు. నూలు బట్ట చెమటను పీల్చుకొని అంటిపెట్టుకొని యుండును. కొండ ఎక్కి చెమర్చినవాడు దిగునప్పుడు చలిగాలికి వణకుట ఇందువలననే. నేటి పాలియెస్టరు జెర్సీ చేయునదియు ఈ పనియే, వేరు మార్గమున. అది నీటిని తనలో ఉంచుకొనక పైకి పాకించి ఆరవేయును. మన ఎండలలో నూలు చొక్కా హాయి అని మనకు పూర్వజ్ఞానము. నిలుచున్నవానికి అది నిజమే. రెండు గంటలు తొక్కినవాని నూలు బనీను పిండి చూచినచో ఆ జ్ఞానమునకు హద్దు ఎక్కడనో తెలియును.

ఇంతవరకు చెప్పినది పురుషుల మాట. స్త్రీల కథ దీర్ఘమైనది, ఈ చరిత్రలో మమ్ము ఎక్కువగా నిలిపినదియు అదియే. చక్రములు రెండును సమానముగా ఉన్న సేఫ్టీ సైకిలు 1885లోను, గాలి టైరు 1888లోను వచ్చిన తరువాత ఐరోపా అమెరికాల స్త్రీలు వేలకొలది సైకిలు ఎక్కినారు. వారి దుస్తులో, నేలను ఊడ్చు లంగాలు, వానిక్రింద మరికొన్ని లంగాలు, నడుమును బిగించు కోర్సెట్లు. మన పంచెకు జరిగినదే వారి లంగాకు జరిగినది. గాలి వీచినచో తెరచాపవలె ఉబ్బును. చెయినులో పడినచో రౌతు నేలకొరుగును. వస్త్రసంస్కరణ కొరకు లండనులో 1881లోనే ఒక సంఘము ఏర్పడినది. దానికి పెద్ద దిక్కు లేడీ హార్బర్టన్. ఆమె కోరినది రెండుగా చీలిన లంగా, అనగా వదులైన పైజామా వంటిది. 1893లో టెస్సీ రేనాల్డ్స్ అను పదునారేండ్ల బాలిక అటువంటి నిక్కరు తొడిగి, పురుషుల సైకిలు మీద బ్రైటన్ నుండి లండనుకు పోయి తిరిగి వచ్చినది. సుమారు 120 మైళ్ళు. పట్టిన కాలము ఎనిమిదిన్నర గంటలు. పత్రికలలో ఆమె వేగమును గూర్చి జరిగిన చర్చకంటె ఆమె కాళ్ళను గూర్చి జరిగిన చర్చ ఎక్కువ.

అందరు స్త్రీలకు అంత సాహసము చేయ వీలులేదు. వీధిలో నిక్కరు తొడిగినచో రాళ్ళు, మట్టిబెడ్డలు, మాటలు తగులును. కాబట్టి కొందరు కుట్టుపని తెలిసినవారు మధ్యమార్గము వెదకినారు. లండనులోని బ్రిక్స్‌టన్‌కు చెందిన ఆలిస్ బైగ్రేవ్ అను దర్జీ 1895లో ఒక లంగాకు పేటెంటు పొందినది. చూచుటకు సామాన్యమైన లంగా. కాని ముందు వెనుక కుట్లలో చిన్న కప్పీలు, త్రాళ్ళు దాగియుండును. నడుము దగ్గరి త్రాడు లాగినచో తెర లేచినట్లు లంగా మీదికి పోవును. సైకిలు దిగి త్రాడు వదలినచో మర్యాదగా క్రిందికి జారును. దానిని తయారుచేసి అమ్మినది ఇంతకుముందు చెప్పిన యేగర్ పేరిటి దుకాణమే. మన బావి గిలకను లంగాలో దాచి కుట్టిన ఆ దర్జీ బుద్ధికి మేము నమస్కరించుచున్నాము. సంఘమును మార్చుటకు శక్తి లేనివారు సూదిదారముతో దానిని దాటినారు.

1898 అక్టోబరులో లేడీ హార్బర్టన్ సైకిలుపై పోవుచు సర్రే ప్రాంతములోని ఓఖమ్ గ్రామమున హాట్‌బాయ్ అను హోటలులో భోజనమునకు దిగినది. అప్పుడామె తొడిగినది చీలిన నిక్కరు. హోటలు యజమానురాలు ఆమెను స్త్రీలు కూర్చుండు కాఫీగదిలోనికి రానీయలేదు. పురుషులు త్రాగుచు కూర్చున్న బారు గదిలో తినవచ్చునన్నది. లేడీ హార్బర్టన్ అంగీకరింపలేదు. ప్రయాణికులకు అన్నము పెట్టుట సత్రపువారి ధర్మమని ఇంగ్లండు న్యాయము. సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్బువారు ఆమె పక్షమున అభియోగము నడిపినారు. 1899 ఏప్రిలులో జ్యూరీ తీర్పు చెప్పినది. హోటలు యజమానురాలు నిర్దోషి. ఆ బారు గది కూడ భోజనమునకు తగిన స్థలమే అన్నది జ్యూరీకి ఎక్కిన వాదము. కేసు ఓడిపోయినది. లంగా కూడ క్రమముగా ఓడిపోయినది, కాని దానికి మరి కొన్ని దశాబ్దములు పట్టినది. మన ప్రాంతములో బాలికలు లంగా ఓణీలు విడిచి చుడీదారుతో సైకిలెక్కి బడికి పోవుట మేమెరిగినదే. ఆ చున్నీ కొసలు మెడ వెనుక ముడివేసికొనుమని తల్లులు చెప్పు మాటలో ఈ చరిత్ర అంతయు ఉన్నది.

పందెముల వైపునకు వచ్చినచో, అచ్చట దుస్తులకు శత్రువు లోకాపవాదము కాదు, నిబంధనలు. 1890లలో ఇంగ్లండు సైకిలు సంఘములు పోలీసులకు జడిసి రోడ్డు పందెములను మాన్పినవి. అయినను మానలేనివారు ఎఫ్. టి. బిడ్‌లేక్ అనునాయన నాయకత్వమున తెల్లవారుజామున, ఒకరి వెనుక ఒకరుగా, గడియారముతో పోటీపడు పద్ధతి కనిపెట్టినారు. వారి వేషము మెడనుండి చీలమండ వరకు నలుపు. నల్లని అల్పాకా కోటు, నల్లని బిగుతు పైజామా. ఎవరికిని కన్పింపకుండుటయే ఆ దుస్తుల ఉద్దేశ్యము. నేడు పారిస్ నుండి బ్రెస్ట్‌కు పోయి తిరిగివచ్చు 1,200 కిలోమీటర్ల యాత్రలో చీకటిపడగనే ప్రతివాడును దీపపు కాంతికి మిలమిల మెరయు జాకెట్టు తొడుగకున్నచో ఒప్పుకొనరు. 1891లో మొదలైన ఆ యాత్రకు ఇటీవలి సంవత్సరములలో మన దేశమునుండి పోవువారు చాలమంది, తెలుగువారును ఉన్నారు. వారు తొడుగు మెరుపు జాకెట్టు వెల జెర్సీ వెలలో చాల స్వల్పభాగము. మన రహదారులమీద దీపములు లేని లారీలను, ఎదుటినుండి తప్పుదారిని వచ్చు బండ్లను తలచుకొన్నచో మొదట కొనవలసినది అదియే అని మా అభిప్రాయము. జెర్సీ తరువాత చూచుకొనవచ్చును.

ఫ్రాన్సు దేశపు మహాపందెము టూర్ డి ఫ్రాన్స్‌లో 1924లో జరిగిన సంగతి ఒకటి చెప్పవలెను. అంతకు ముందటి యేడు గెలిచిన ఆన్రీ పెలిస్సియే ఆ యేడు షెర్బూర్ నుండి బ్రెస్ట్‌కు బయలుదేరినాడు. అది 405 కిలోమీటర్ల దశ. చీకటిలో, చలిలో బయలుదేరుట, మధ్యాహ్నమునకు ఎండ. కాబట్టి రౌతులు ఒకదానిపై ఒకటి రెండు జెర్సీలు తొడిగి, ఎండ ఎక్కిన తరువాత ఒకటి విసరివేసెడివారు. నిబంధన ప్రకారము ఏ వస్తువుతో బయలుదేరినారో దానితోనే చేరవలెను. ఒక అధికారి వచ్చి పెలిస్సియే జెర్సీని ఎత్తి లోపల ఎన్ని ఉన్నవో లెక్కపెట్టినాడు. ఆ అవమానమునకు మండిపడి ఆయన, ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్, మారిస్ విల్ అను మరొకడు కుతాన్స్ పట్టణమున పందెము మానివేసినారు. ఆల్బేర్ లోండ్ర అను ప్రసిద్ధ విలేఖరి వారిని అచ్చట కలిసికొని వ్రాసిన వార్త ఫ్రాన్సునంతటిని కదలించినది. పందెగాండ్ర కష్టములను లోకము తెలిసికొన్నది ఒక చొక్కా తగవునుండి. నేటి రౌతుల జేబులో మడచిన చేయి అంత పలుచని గాలికోటు ఉండును. మోచేతులకు, మోకాళ్ళకు తొడుగులు ఉండును. ఎండ వచ్చినప్పుడు తీసి వీపు జేబులో దోపుకొందురు. పెలిస్సియేకు ఆ జేబులో పట్టు కోటు లేకపోయినది, అంతే.

ఇక నిక్కరు. నవ్వులన్నియు దీని మీదనే గనుక కొంత వివరముగా చెప్పెదము. సీటు మీద గంటలకొలది కూర్చుండి గంటకు అయిదువేల పర్యాయములు కాలు ఆడించువానికి కుట్టు ఉన్న చోటెల్ల పుండు పడును. పూర్వపు ఉన్ని నిక్కరులో ఈ కారణముననే షామీ అను మేకజాతి మృగము తోలును లోపల అతికించెడివారు. అది మెత్తని తోలే. కాని ఉతికి ఆరవేయగనే అప్పడమువలె బిగిసిపోవును. మరల క్రొవ్వు లేపనము పట్టించి మెత్తపరచవలెను. ఉన్నియో, తడిసిన కొలది సాగి జారును. అందుకే భుజములమీది పట్టీలు. 1958లో అమెరికాలోని డ్యుపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు సాగి మరల యథాస్థితికి వచ్చు లైక్రా దారమును సాధించినాడు. అది మొదట స్త్రీల లోదుస్తుల కొరకు. 1970ల ఉత్తరార్ధమున స్విట్జర్లాండు, ఇటలీ దేశముల దర్జీలు దానితో సైకిలు నిక్కరులు కుట్టినారు. తోలు స్థానములో నురుగు దిండు వచ్చినది. పేరు మాత్రము నేటికిని షామీయే. మృగము పోయి పేరు మిగిలినది.

కొనువారు గమనింపవలసినది ఆ దిండు మందము కాదు. దుకాణములో వ్రేలితో నొక్కి చూచి దళసరిదే మేలనుకొనుట పొరపాటు. దళసరి దిండు ముడుతపడి ఒరిపిడి పెంచును, చెమట పట్టి ఉంచును. నిక్కరు తొడిగి నిటారుగా నిలిచినచో ముందు కొంచెము లాగినట్లుండవలెను. వంగి సైకిలు మీద కూర్చున్నప్పుడు సరిపోవలెను. స్త్రీలకు కుట్టిన దిండు వేరు, పురుషులకు వేరు. మరియొకటి, చెప్పుటకు సంకోచమైనను చెప్పక తప్పదు. దీని క్రింద వేరు లోదుస్తు తొడుగరాదు. లోదుస్తు కుట్టు దగ్గర పుండు పడకుండుటకే గదా ఇది పుట్టినది. వాడిన దినముననే ఉతుకవలెను. బిగుతు బట్టతో వీధిలో తిరుగుటకు సిగ్గుపడువారు పైన వదులు నిక్కరు ఒకటి తొడుగవచ్చును. దానివలన కొంత గాలి పట్టును గాని మరే నష్టమును లేదు.

జోళ్ళ కథ మరియొక తీరు. తొలినాళ్ళలో పెడలు ముందు ఉక్కుబోను, దానికొక తోలుపట్టీ. పాదమును అందులో దూర్చి పట్టీ లాగి బిగించెడివారు. పందెగాండ్రు పలుచని తోలుజోడు కొని, కొన్నిదినములు ఊరక తొక్కి, అడుగున పెడలు గీత పడిన పిమ్మట ఆ గీతవెంట లోహపు చీలిక మేకులతో కొట్టించెడివారు. ప్రతివాని పాదమునకు తగిన కోణము ఆ గీతయే చెప్పును. పడినప్పుడు మాత్రము వంగి చేతితో పట్టీ వదలించుకొనుటకు వ్యవధి ఉండదు. 1984లో ఫ్రాన్సులోని లుక్ కంపెనీవారు, వారు మంచుమీద జారువారి బూట్లకు బిగింపులు చేయువారు, అదే కీలును పెడలుకు దించినారు. అడుగు పెట్టి నొక్కినచో క్లిక్కుమని బిగియును. మడమ ప్రక్కకు త్రిప్పినచో విడిపోవును. బెర్నార్ ఈనో 1985లో ఆ పెడళ్ళతో టూర్ గెలిచిన తరువాత తోలుపట్టీలు కొలదియేండ్లలో మాయమైనవి. 1990లో జపాను షిమానో కంపెనీవారు అడుగున గుంటలో ఇమిడిపోవు చిన్న బిళ్ళను తెచ్చినారు.

కాబట్టి దుకాణములో మొదటి ప్రశ్న జోడు అందము కాదు, అడుగున మూడు మరల రంధ్రములా, రెండు రంధ్రములా అన్నది. మూడు రంధ్రములది పందెపు రీతి. బిళ్ళ పెద్దది, బలము బాగుగా దిగును, కాని నడచుట బాతు నడకయే. రెండు రంధ్రములది టీకొట్టు దగ్గర దిగి నడచువారికి, ఆఫీసుకు తొక్కువారికి అనుకూలము. జోడు సాయంకాలము కొనవలెను. పగలంతయు తిరిగిన పాదము కొంత ఉబ్బి ఉండును, ఎండలో తొక్కినప్పుడును అంతే. మడమ కదలరాదు, వ్రేళ్ళు ఆడవలెను. మొదటి వారము ఎవరైనను ఒకమారు పడుదురు. మడమ త్రిప్పుట మరచి, ఆగిన సైకిలుతో సహా మెల్లగా ప్రక్కకు ఒరుగుదురు. మేము పడినది నాలుగురోడ్ల కూడలిలో, ఎఱ్ఱదీపము వద్ద, నిండు బస్సు ఎదుట. గాయము లేదు, బస్సులోనివారి సానుభూతి మాత్రము దుర్భరమైనది.

చేతితొడుగులు, కంటి అద్దములు త్వరగా చెప్పి ముందుకు పోవచ్చును. పడువాడు మొదట అరచేయి పెట్టును. అరచేతి చర్మము మరల వచ్చుటకు వారములు పట్టును. హాండిలుపై చిరకాలము బరువు మోపినచో చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు తిమ్మిరెక్కుట కూడ కలదు. తొడుగు ఈ రెండింటికి. అద్దము ఎందులకో, ఊక లారీ వెనుక ఒక్క మైలు తొక్కినవారికి చెప్పనక్కరలేదు.

చలి మనకు అంతగా తెలియదు గనుక ఇటలీకి పోవుదము. 1988 జూన్ 5వ తేదీన ఇటలీ మహాపందెము గావియా కనుమను దాటవలసి ఉన్నది. ఎత్తు 2,600 మీటర్లకు పైగా; పైన మంచు కురియుచున్నది. ఆండ్రూ హాంప్‌స్టెన్ అను అమెరికన్ రౌతు జట్టువారు ఆ ఉదయమే దగ్గరి దుకాణములకు పరుగెత్తి, మంచుమీద జారువారి ఉన్ని టోపీలు, దళసరి చేతితొడుగులు దొరికినన్ని కొన్నారు. అదే కనుమను అందరికంటె ముందు ఎక్కిన యోహన్ వాన్ డెర్ వెల్డే పొట్టిచేతుల జెర్సీతోనే దిగుటకు మొదలిడి, గడ్డకట్టి, దారిలో ఒక బండిలో తలదాచుకొని ముప్పావుగంటకు పైగా వెనుకబడినాడు. ఆనాటి దశను ఎరిక్ బ్రూకింక్ గెలిచినను, గులాబీ జెర్సీ హాంప్‌స్టెన్‌కు దక్కినది; ఆ పందెమును గెలిచిన తొలి అమెరికన్ ఆయనయే. కాళ్ళ బలములో వాన్ డెర్ వెల్డే ఆనాడు తక్కువవాడు కాడు. ఆయనకు లేనిది టోపీ, తొడుగులు. అరకు లోయకు డిసెంబరులో చీకటితో బయలుదేరువారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవచ్చును.

ట్రయథ్లాన్ అను త్రివిధ పందెము, అనగా ఈది, తొక్కి, పరుగెత్తునది, 1974 సెప్టెంబరు 25వ తేదీన అమెరికాలోని శాన్ డియాగో నగరమున మిషన్ బే తీరములో పుట్టినది. 1978 ఫిబ్రవరిలో హవాయి ద్వీపములలో మొదటి ఐరన్‌మ్యాన్ జరిగినది. బయలుదేరినవారు 15 మంది, ముగించినవారు 12 మంది. ఆ తొలినాళ్ళలో సముద్రమునుండి వచ్చి తీరికగా బట్టలు మార్చుకొనుట ఉండెడిది. పోటీ పెరిగిన కొలది ఆ తీరిక పోయినది. బట్టలు మార్చు సమయము కూడ పందెములో భాగమే గనుక మూడింటికి ఒక్క దుస్తు వచ్చినది. దాని దిండు పలుచన. దళసరి దిండు స్పంజివలె నీరు పట్టి, పరుగులో కాళ్ళమధ్య గుడ్డమూటవలె వ్రేలాడును. జోడుకు ఒకే వెడల్పు పట్టీ, మడమ వెనుక ఒక ఉచ్చు, అడుగున నీరు పోవుటకు రంధ్రములు. నేర్పరులు జోళ్ళను ముందుగనే పెడళ్ళకు బిగించి, రబ్బరుబ్యాండుతో అడ్డముగా నిలిపి, వట్టికాళ్ళతో ఎక్కి కదలుచునే పాదము దూర్చుదురు. క్రొత్తవారు దీనిని అనుకరింపవలదు. 2019లో గోవాలో మన దేశపు తొలి అర్ధ ఐరన్‌మ్యాన్ జరిగిన పిమ్మట ఈ దుస్తులు మన నగరముల దుకాణములలోను దొరకుచున్నవి. వారాంతమున తొక్కుటయే తప్ప ఈదుట, పరుగు లేనివారు ఆ పలుచని దిండు కొన్నచో నూరు కిలోమీటర్లకు పశ్చాత్తాపపడుదురు.

ట్రయథ్లాన్‌వారు పాత పందెగాండ్రకు ఒక పాఠము చెప్పినారు. 1989 టూర్ చివరిదినమున గ్రెగ్ లెమాండ్ 50 సెకనులు వెనుకబడి యుండి, ట్రయథ్లాన్‌వారి ముంజేతి హాండిలు, గాలిని చీల్చు పొడుగు శిరస్త్రాణము పెట్టుకొని, వెర్సాయి నుండి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు తొక్కినాడు. ఆయనకంటె ముందున్న లోరాన్ ఫిన్యోన్ శిరస్త్రాణము లేక, పిలకజుట్టు గాలికి ఎగురుచుండగా వచ్చినాడు. లెమాండ్ మూడువారముల పందెమును 8 సెకనులతో గెలిచినాడు.

ట్రయథ్లాన్‌లో మరియొక నిబంధన ఉన్నది. శిరస్త్రాణపు గడియ బిగించిన తరువాతనే సైకిలును తాకవలెను. దిగి సైకిలును యథాస్థానమున ఉంచిన తరువాతనే విప్పవలెను. తప్పినచో శిక్ష. పాత రోడ్డు పందెములలో ఇట్టి నిబంధన చాలకాలము లేదు. తలకు తోలు గొట్టములతో కుట్టిన వలవంటిది పెట్టెడివారు, అదియు కొందరే. అమెరికాలో 1975లో బెల్ కంపెనీవారు పాలీస్టైరీను నురుగుతో టోపీ చేసినారు. తల తాకినప్పుడు ఆ నురుగు తాను నలిగి దెబ్బను మ్రింగును. 1991లో అంతర్జాతీయ సైకిలు సమాఖ్య దానిని తప్పనిసరి చేయబోగా పారిస్–నీస్ పందెములో రౌతులు సమ్మె చేసినారు. ఎండకు ఉడికిపోవుదుమనిరి. సమాఖ్య వెనుకకు తగ్గినది. 1995లో టూర్‌లో కొండ దిగుచు ఫాబియో కాసర్తెల్లి తలకు దెబ్బతగిలి మరణించినాడు. అప్పటికిని నిబంధన రాలేదు. 2003 మార్చి 11వ తేదీన, రౌతులు సమ్మె చేసిన ఆ పారిస్–నీస్ పందెములోనే, కజకిస్తాను దేశపు ఆంద్రేయ్ కివిలేవ్ మరి ఇద్దరితో ఒరసికొని పడినాడు. నెత్తిన ఏమియు లేదు. మరునాడు ఉదయము ఆసుపత్రిలో కన్నుమూసినాడు. వయస్సు 29 ఏండ్లు. ఆ పందెమును గెలిచినవాడు ఆయన దేశీయుడు, మిత్రుడు అలెగ్జాండర్ వినొకురోవ్. ఆ మే నెలలో నిబంధన వచ్చినది. మొదట దానికి ఒక మినహాయింపు పెట్టినారు, చివరి పెద్దకొండ ఎక్కునప్పుడు తీసివేయవచ్చునని. తరువాత అదియు పోయినది.

ఇంటిలో పిల్లలకు శిరస్త్రాణము కొనువారు పెరుగుదురు గదా అని పెద్దది కొనరాదు. అది కనుబొమ్మలకు రెండువ్రేళ్ళ మీదుగా, నుదురు కప్పి కూర్చుండవలెను. వెనుకకు ఒరిగి నెత్తిమీద బుట్టవలె ఉండరాదు. గడ్డము క్రింది పట్టీలో ఒకటి రెండు వ్రేళ్ళు మాత్రము పట్టవలెను. ఒకమారు గట్టిగా నేలకు తగిలిన టోపీలో నురుగు లోపల నలిగియుండును. పైకి పగులు కన్పింపకున్నను దానిని మరల పెట్టవలదు, తమ్మునికి ఇవ్వవలదు.